"ఈ డెస్క్ గారు ఎవరు?": జొటేరోలో తెలుగు ఆన్‌లైన్ ఆధారాలను సరిగా ఉల్లేఖించడం ఎలా?

ప్రశ్న వేసినవారు: పాలకుర్తి పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. తెలుగు వార్తా రచనలో వచ్చిన భాషా మార్పుల మీద పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. గ్రంథసూచిలో నాలుగు వందలకు దగ్గరగా ఆధారాలు ఉన్నాయి, వాటిలో సగానికి పైగా ఆన్‌లైన్‌లో చూసినవే. మూడేళ్లుగా అన్నింటినీ బ్రౌజర్ బటన్ నొక్కి జొటేరోలో (ఆధారాల వివరాలు దాచి గ్రంథసూచి తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేర్చుకుంటూ, వర్డ్‌లో ప్లగిన్ ద్వారా ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఏడవ కూర్పు శైలిలో ఉల్లేఖిస్తూ వచ్చాను. సాఫ్ట్‌వేర్ ఉంది కదా, గ్రంథసూచి దానంతట అదే తయారవుతుందన్న ధీమాతో ఇన్నాళ్లూ ఆ పుటల వైపు చూడలేదు.

పోయిన వారం మా పర్యవేక్షకులు ఆ పుటలను ఎర్ర సిరాతో నింపి తిరిగి ఇచ్చారు. మొదటి పుట పైనే "ఈ డెస్క్ గారు ఎవరు? ఇన్ని వ్యాసాలు రాశారు, నేనెప్పుడూ వినలేదే" అని రాశారు. చూస్తే, "వెబ్ డెస్క్" అన్న పేరుతో వచ్చిన పదిహేడు వార్తలు "డ" అక్షరం కింద "డెస్క్" అనే రచయిత పేర వరుసగా నిలబడి ఉన్నాయి. వ్యాసం లోపల కూడా "(డెస్క్, 2021)" అనే వస్తోంది.

అదొక్కటే అయితే నవ్వుకుని సరిచేసుకునేదాన్ని. కొన్ని వెబ్ పుటలకు ముందు "రిట్రీవ్డ్" అంటూ నేను చూసిన తేదీ వస్తోంది, కొన్నింటికి రావడం లేదు. ఒకే దినపత్రికలోని రెండు వార్తల్లో ఒకదానికి లింకు ఉంది, రెండోదానికి లేదు. తెలుగు వికీపీడియా వ్యాసాల లింకులు శాతం గుర్తులతో, అంకెలతో నాలుగేసి పంక్తులు ఆక్రమిస్తున్నాయి. తెలుగు గ్రంథంలో "ఎన్.డీ." (నో డేట్, అంటే తేదీ లేదు), "రిట్రీవ్డ్ ఫ్రమ్" వంటి ఆంగ్ల పదాలు ఎందుకని కూడా అడిగారు.

రెండు రాత్రులు కూర్చుని అన్నింటినీ వర్డ్‌లోనే చేత్తో దిద్దాను. మర్నాడు నాలుగో అధ్యాయంలో ఒక కొత్త ఉల్లేఖన చేర్చగానే గ్రంథసూచి మొత్తం పాత రూపానికి వెళ్లిపోయింది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.


జవాబు 1: గ్రంథాలయ మేష్టారు

అమ్మా, ముందు చివరి సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వర్డ్‌లో మీకు కనిపించే గ్రంథసూచి పాఠం కాదు, జొటేరో ఎప్పటికప్పుడు తిరగరాసే ఒక గడి. కొత్త ఉల్లేఖన చేర్చినా, రిఫ్రెష్ నొక్కినా అది జొటేరోలోని సమాచారాన్ని మళ్లీ తెచ్చి పోస్తుంది, అందులో మీరు చేత్తో దిద్దినదంతా కొట్టుకుపోతుంది. కాబట్టి దిద్దుబాటు ఎప్పుడూ జొటేరోలోనే జరగాలి. వర్డ్‌లో చెయ్యి పెట్టవలసిన పని ఒకటో రెండో ఉంటాయి, వాటిని సమర్పణకు ముందు రోజు, వేరుగా తీసుకున్న ప్రతిలో, "అన్‌లింక్ సైటేషన్స్" నొక్కిన తరువాత మాత్రమే చేయండి. అసలు ప్రతిని ముట్టుకోకండి, ఆ బటన్ నొక్కాక వెనక్కి దారి లేదు.

ఇక డెస్క్ గారి సంగతి. జొటేరో రచయిత పేరును రెండు గడులుగా చూస్తుంది, ఒకటి ఇంటిపేరుకు, ఒకటి సొంత పేరుకు. వెబ్ పుట నుంచి పేరు తీసుకునేటప్పుడు చివరి మాటను ఇంటిపేరుగా పెట్టుకోవడం పాశ్చాత్య పేర్లకు సరిపోతుంది, మన పేర్లకు సరిపోదు. సురవరం ప్రతాపరెడ్డి గారిని కూడా అది "ప్రతాపరెడ్డి" అనే ఇంటిపేరు గల మనిషిగానే చేర్చుకుంటుంది. పేరు ఉన్న వరుసలో కుడి చివర ఒక చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే రెండు గడులు కలిసి ఒకటవుతాయి. సంస్థల పేర్లకు ఈ ఒంటి గడి తప్పనిసరి. తెలుగు లిపిలో ఉన్న మనుషుల పేర్లకు కూడా నేను ఒంటి గడినే వాడమంటాను. ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరు అందులో రాస్తే, మీరు రాసినట్టే అచ్చవుతుంది, అకారాది క్రమం ఇంటిపేరు ప్రకారమే కుదురుతుంది, వ్యాసం లోపల కూడా పూర్తి పేరు వస్తుంది. తెలుగులో మనం "సురవరం ప్రతాపరెడ్డి (1949)" అనే రాస్తాం కదా, "ప్రతాపరెడ్డి, ఎస్." అని రాయం. ఆంగ్ల ఆధారాలకు మాత్రం రెండు గడులు అలాగే ఉంచండి.

"వెబ్ డెస్క్" ను ఒంటి గడిలో పెట్టడం కన్నా రచయిత గడిని ఖాళీగా వదలడమే మేలని నా అభిప్రాయం. ఆ మాట ఎవరి పేరూ కాదు, పత్రిక పేరు ఎలాగూ "పబ్లికేషన్" గడిలో ఉంది. రచయిత లేకపోతే ఏపీఏ శైలి శీర్షికను ముందుకు తెచ్చుకుంటుంది, వ్యాసం లోపల కూడా శీర్షికనే వాడుకుంటుంది.

తరువాత ఆధారం రకం చూడండి. కొన్ని వార్తా సైట్లకు జొటేరోలో ప్రత్యేకమైన అనువాదకం, అంటే ఆ సైటు నుంచి సమాచారాన్ని విడదీసి తెచ్చే చిన్న ప్రోగ్రాము, ఉంటుంది, చాలా తెలుగు సైట్లకు ఉండదు. అది లేనిచోట శీర్షిక, లింకు, చూసిన తేదీ మాత్రం పట్టుకుని "వెబ్ పేజ్" అని చేర్చేస్తుంది. మీరు పైనున్న రకాన్ని "న్యూస్‌పేపర్ ఆర్టికల్" గా మార్చండి, సైటు పేరు పత్రిక పేరు గడిలోకి దానంతట అదే మారుతుంది. శీర్షిక చివర నిలువు గీత పెట్టి పత్రిక పేరు, "తాజా వార్తలు" వంటి తోకలు అతుక్కుని ఉంటాయి, వాటిని కత్తిరించండి. ఈమాట వంటి వెబ్ పత్రికలోని వ్యాసమైతే "మేగజీన్ ఆర్టికల్" అని పెట్టి, సంచిక నెలను తేదీ గడిలో ఇవ్వండి. 1998 నుంచి అది వెబ్‌లోనే వెలువడుతోంది కనుక పుటల సంఖ్య ఉండదు, దాన్ని కల్పించి రాయకూడదు.

ఒకదానికి లింకు వచ్చి ఇంకోదానికి రాకపోవడానికి కారణం ఆ పుటల సంఖ్యే. పరిశోధన పత్రిక, మాసపత్రిక, దినపత్రిక వ్యాసాలకు పుటల గడి నిండి ఉంటే, అది కాగితం మీద చదివిన వ్యాసమని భావించి జొటేరో లింకును వదిలేస్తుంది. సెట్టింగ్స్‌లో "సైట్" (Cite, అంటే ఉల్లేఖన) విభాగంలో "ఇన్‌క్లూడ్ యూఆర్ఎల్స్ ఆఫ్ పేపర్ ఆర్టికల్స్ ఇన్ రెఫరెన్సెస్" అనే పెట్టె ఉంది, దానికి టిక్కు పెడితే అన్నింటికీ లింకులు వస్తాయి. అయితే టిక్కు పెట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. మీరు చూసింది ఏది? జిల్లా సంచికలో నాలుగో పుటలో అచ్చయిన వార్త, వెబ్‌లో అదే పేరుతో ఉన్న వార్త ఒకటే అనుకోవడానికి లేదు, శీర్షికలు మారుతుంటాయి, చివరి పేరాలు పోతుంటాయి. వెబ్‌లో చదివితే పుట సంఖ్య తీసేయండి, అచ్చులో చదివితే లింకు తీసేయండి. అప్పుడు ఆ పెట్టెతో పనే ఉండదు.

"రిట్రీవ్డ్" కొన్నింటికే రావడానికి కూడా ఇలాంటి కారణమే ఉంది. 2019లో వచ్చిన ఏపీఏ ఏడవ కూర్పు, చూసిన తేదీని మారిపోయే స్వభావం గల పుటలకే అడుగుతుంది. ఒక పుట అలాంటిదో కాదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు కనుక, ప్రచురణ తేదీ లేని వెబ్ పుటలకు దాన్ని పెడుతుంది. మీకు "రిట్రీవ్డ్" వచ్చిన ప్రతి చోటా "ఎన్.డీ." కూడా వచ్చిందా లేదా చూసుకోండి. వచ్చి ఉంటే, తేదీ గడి ఖాళీగా ఉందన్నమాట. పుటకు వెళ్లి తేదీ వెతికి రాయండి, రెండూ ఒకేసారి మాయమవుతాయి. తేదీని 2021-03-12 పద్ధతిలోనే రాయండి. 12/03/2021 అని రాస్తే, అది మార్చి పన్నెండా, డిసెంబరు మూడా అన్నది కంప్యూటర్ అమరికను బట్టి మారుతుంది. గడి పక్కన లేత రంగులో "వై ఎమ్ డీ" అనే అక్షరాలు కనిపిస్తాయి, అవి సంవత్సరం, నెల, రోజు ఏ వరుసలో అర్థమయ్యాయో చెబుతాయి. అక్కడ ఒక్క "వై" మాత్రమే కనిపిస్తే, నెలా రోజూ దానికి అందలేదని తెలుసుకోండి.


జవాబు 2: పాత పత్రికల పిచ్చి

మేష్టారు గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే, చూసిన తేదీ విషయంలో విభేదిస్తాను. ఏపీఏ అడగకపోయినా, తెలుగు వార్తా సైట్ల విషయంలో ఆ తేదీని గ్రంథసూచిలో చూపడమే న్యాయమని నా నమ్మకం. సైటు రూపం మార్చిన ప్రతిసారీ పాత లింకులు తెగిపోతాయి, తెగిన లింకు పక్కన తేదీ అయినా ఉంటే ఈమె ఫలానా రోజున దీన్ని చూసింది అన్న సాక్ష్యం మిగులుతుంది. పరీక్షకులు లింకు నొక్కితే పుట తెరుచుకోకపోవడం ఎంత ఇబ్బందో నాకు నా మౌఖిక పరీక్షలో తెలిసింది. పన్నెండు లింకులు చూపమంటే అయిదే తెరుచుకున్నాయి.

తేదీ కన్నా గట్టి సాక్ష్యం కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పుటను భద్రపరిచి, ఆ ప్రతి లింకునే జొటేరోలో యూఆర్ఎల్ గడిలో పెట్టండి. ఆ లింకు మధ్యలో పద్నాలుగు అంకెలు ఉంటాయి. 20210312184500 అని ఉంటే, 2021 మార్చి 12న, 18 గంటల 45 నిమిషాలకు తీసిన ప్రతి అని అర్థం. అంటే చూసిన తేదీ లింకులోనే ఉన్నట్టు లెక్క, శైలితో పోట్లాడవలసిన పని లేదు. ఆ గంటలు మన గంటలు కావు, గ్రీనిచ్ కాలం. మనకు అయిదున్నర గంటలు కలపాలి, కనుక పైన చెప్పిన ప్రతి మన లెక్కలో మార్చి 13 అర్ధరాత్రి దాటాక తీసినదవుతుంది. తెల్లవారుజామున భద్రపరిచిన పుటకు ముందు రోజు తేదీ కనిపిస్తే కంగారు పడకండి.

జొటేరో పుటతోపాటు ఒక స్నాప్‌షాట్ కూడా దాచుకుంటుంది. అది మీ కంప్యూటర్‌లో మీకు పనికొస్తుంది, పరీక్షకులకు అందదు. రెండూ ఉంచుకోండి.

మీ అంశం వార్తా భాష కనుక రెండు వేల సంవత్సరం చుట్టుపక్కల వెబ్ పుటలు కూడా తప్పక వస్తాయి. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో కాక సొంత ఫాంట్లలో ఉండేవి. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే ఆంగ్ల అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది, జొటేరో శీర్షిక గడిలోకి ఆ గజిబిజే వస్తుంది. దానికి మార్గం ఒక్కటే, తెలుగు శీర్షికను యూనికోడ్‌లో మీరే టైపు చేయండి. ఫాంట్ మార్పిడి ఉపకరణంతో చేసినా ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి.

ఇంకొక ఉచ్చు ఉంది, నేను స్వయంగా పడ్డాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు చాలా వరకు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. వాటి గుర్తింపు సంఖ్యలు "ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015" అని మొదలై, ఆ తరువాత ఒక అంకెల వరుసతో ముగుస్తాయి. ఆ 2015 పుస్తకం అచ్చయిన సంవత్సరం కాదు. నేను మూడు చోట్ల అలాగే రాసి, 1926లో మొదలైన గోలకొండ పత్రిక కాలపు ఒక పుస్తకాన్ని 2015 నాటిదిగా చూపించాను. అక్కడి శీర్షికలు కూడా రోమన్ లిపిలో, తరచు అక్షరాలు ఊడిపోయి ఉంటాయి. ముఖపత్రం తిరగేసి, పేరు తెలుగులో, అచ్చయిన సంవత్సరం అక్కడ ఉన్నట్టు రాయండి. ఆధారం రకం "వెబ్ పేజ్" కాదు, "బుక్". పుస్తకం తెర మీద చదివినంత మాత్రాన వెబ్ పుట అయిపోదు.


పాలకుర్తి పరిశోధకురాలు

ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మేష్టారు గారు చెప్పినట్టే "రిట్రీవ్డ్" వచ్చిన ఇరవై రెండింటిలోనూ తేదీ గడి ఖాళీగానే ఉంది. డీఎల్ఐ ఉచ్చులో నేనూ పడ్డాను, నాలుగు పుస్తకాలకు 2015 అనే రాసి ఉంది. ఆ నాలుగూ స్వాతంత్ర్యానికి ముందువి! ఇక మిగిలినవి పొడవాటి లింకులు, ఆంగ్ల పదాలు.


జవాబు 3: లింకు కత్తెర

పొడవాటి లింకుల వెనక ఉన్న లెక్క ఇది. యూనికోడ్ సంకేతాలను వెబ్ చిరునామాలో పంపే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, ఒక్కొక్క బైటును శాతం గుర్తు, రెండు అక్షరాలు కలిపి మూడు గుర్తులుగా రాస్తారు. "తెలుగు" అన్న మాటలో మనకు మూడే అక్షరాలు కనిపించినా, త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిపి ఆరు సంకేతాలు. ఆరు మూళ్లు పద్దెనిమిది బైట్లు, పద్దెనిమిది మూళ్లు 54 గుర్తులు. మూడక్షరాల మాటకే ఇంత అయితే, అయిదారు మాటల శీర్షిక ఉన్న వ్యాసానికి నాలుగు పంక్తులు పట్టడంలో వింత లేదు.

వికీపీడియాకు దీనికి చక్కటి విరుగుడు ఉంది, అది మీ ఇంకో సమస్యను కూడా తీరుస్తుంది. ప్రతి వ్యాసం పక్కన శాశ్వత లింకు ఇచ్చే పరికరం ఉంటుంది. దాన్ని నొక్కితే వచ్చే చిరునామాలో "ఓల్డ్‌ఐడీ" అని, ఆ తరువాత ఒక సంఖ్య ఉంటాయి. మధ్యలో ఉన్న శీర్షిక భాగాన్ని తీసేసి, "ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ" తరువాత ప్రశ్న గుర్తు, ఓల్డ్‌ఐడీ, సంఖ్య మాత్రం ఉంచినా అది పనిచేస్తుంది. తెలుగు అక్షరం ఒక్కటీ లేని, ఒక పంక్తిలో ఒదిగే లింకు వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ సంఖ్య మీరు చదివిన కూర్పునే చూపిస్తుంది, రేపు ఎవరు మార్చినా అది మారదు. ఏపీఏ కూడా వికీపీడియాకు ఇలా భద్రపరిచిన కూర్పునే ఇవ్వమంటుంది. అలా ఇచ్చినప్పుడు ఆ కూర్పు తేదీని తేదీ గడిలో రాస్తే "రిట్రీవ్డ్" గొడవ కూడా ఉండదు.

వార్తల లింకుల్లో ప్రశ్న గుర్తు తరువాత "యూటీఎమ్ సోర్స్", "ఎఫ్‌బీ‌క్లిడ్" అంటూ మొదలయ్యే తోకలు ఉంటాయి. ఫేస్‌బుక్ నుంచో, వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నుంచో తెరిచినప్పుడు అవి అతుక్కుంటాయి. పాఠకుడు ఎటు నుంచి వచ్చాడో లెక్క పెట్టుకోవడానికి తప్ప అవి దేనికీ పనికిరావు, నిస్సంకోచంగా కోసేయండి. కానీ ప్రశ్న గుర్తు తరువాత ఉన్నదంతా పనికిరానిదే అనుకోకండి, కొన్ని పాత సైట్లలో వ్యాసం సంఖ్య అక్కడే ఉంటుంది. కోసిన ప్రతి లింకునూ కొత్త కిటికీలో ఒకసారి తెరిచి చూశాకే జొటేరోలో పెట్టండి.

ప్రైవేటు సంస్థల కుదింపు లింకులు మాత్రం వద్దు. సంస్థ మూతబడితే లింకూ పోతుంది, పైగా ఏ సైటుకు వెళుతోందో పాఠకుడికి తెలియదు. డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న పరిశోధన వ్యాసానికి ఏ లింకూ అక్కరలేదు, డీఓఐ గడి నింపితే శైలి దాన్నే తీసుకుంటుంది.


జవాబు 4: శైలి మరమ్మతుదారు

ఆంగ్ల పదాల సంగతి నేను చెబుతాను. జొటేరో వాడే శైలులు సీఎస్ఎల్ అనే భాషలో రాసిన చిన్న పాఠ్య ఫైళ్లు. వాటి భాండాగారంలో పదివేలకు పైగా శైలులు ఉన్నాయి, మనకు కావలసినట్టు ఒకదాన్ని మార్చుకోవడం ఏమంత కష్టం కాదు. ఏపీఏ ఫైలును దించుకుని, ఒక నకలు తీసి, సాదా టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ముందుగా పైన ఉన్న శీర్షికనూ, గుర్తింపు చిరునామానూ తప్పకుండా మార్చండి. లేకపోతే జొటేరో శైలులను తాజా పరిచినప్పుడు మీ మార్పులన్నీ పోతాయి, మళ్లీ రెండు రాత్రుల కథ మొదలవుతుంది.

ఆ తరువాత "లొకేల్" అనే విభాగాన్ని వెతకండి. ఫైలులో ఇచ్చిన పదాలు జొటేరోతో వచ్చే ఆంగ్ల పదాలను పక్కకు నెడతాయి. అందులో "నో డేట్" అన్న పదానికి "తే.లే." అనీ, "రిట్రీవ్డ్" కు "చూసిన తేదీ" అనీ, "ఎట్ ఆల్" కు "తదితరులు" అనీ ఇవ్వండి. "ఫ్రమ్" అన్న పదాన్ని ఖాళీ చేయడం మంచిది. ఆంగ్లంలో అది తేదీకీ లింకుకూ నడుమ, లింకుకు ముందు వచ్చే విభక్తిలా కూర్చుంటుంది, మనకు విభక్తి మాట చివర రావాలి, లింకు చివర "నుంచి" అని అతికిస్తే నొక్కినప్పుడు లింకే చెడిపోతుంది. నెలల పేర్లు కూడా అక్కడే పన్నెండూ తెలుగులో ఇచ్చుకోవచ్చు.

"అండ్" కు మాత్రం దయచేసి "మరియు" అని పెట్టకండి. ఇద్దరు రచయితల మధ్య కామా చాలు, తెలుగులో ఎవరూ "మరియు" అని మాట్లాడరు. ఏపీఏలో అక్కడ & గుర్తు వస్తుంది కనుక మీకు ఆ బెడద లేదు, షికాగో శైలి వాడేవారి కోసం చెబుతున్నాను.

ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకోండి. పత్రం మొత్తానికి ఒకే భాష వర్తిస్తుంది కాబట్టి ఆంగ్ల ఆధారాలకు కూడా "తే.లే.", "తదితరులు" అనే వస్తాయి. తెలుగు గ్రంథంలో అది తప్పేమీ కాదని నేను అనుకుంటాను. మీ పర్యవేక్షకులు ఒప్పుకోకపోతే, గ్రంథసూచిని తెలుగు, ఆంగ్ల భాగాలుగా విడదీయవలసి వస్తుంది, ఆ పని జొటేరో చేయదు, చివరి ప్రతిలో చేత్తోనే చేయాలి. మేష్టారు గారు చెప్పిన ఒకటి రెండు పనుల్లో ఇదొకటి.


జవాబు 5: లేటెక్ పక్షపాతి

వర్డ్ వాడేవారి మధ్యలోకి వచ్చినందుకు మన్నించండి, ఈ చర్చను వెతుక్కుంటూ వచ్చే లేటెక్ (ఆదేశాలు రాసి పత్రాన్ని కూర్చే సాఫ్ట్‌వేర్) వాడకందార్ల కోసం నాలుగు మాటలు. లేటెక్‌లో గ్రంథసూచి తయారుచేసే బిబ్‌టెక్ 1985 నాటిది, అప్పటికి వెబ్ లేదు. అందుకే దాని మూల శైలి "ప్లెయిన్" కు యూఆర్ఎల్ అనే గడి ఉందని కూడా తెలియదు, మీరు ఎంత జాగ్రత్తగా నింపినా మౌనంగా దాటేస్తుంది. బిబ్‌లేటెక్‌కు, దానితోపాటు బైబర్‌కు మారండి. అందులో "ఆన్‌లైన్" అనే ఆధారం రకం ఉంది, చూసిన తేదీకి "యూఆర్ఎల్‌డేట్" గడి ఉంది, బైబర్ తెలుగు లిపిని నేరుగా చదువుతుంది. జొటేరో నుంచి ఎగుమతి చేసేటప్పుడు "బిబ్‌టెక్" కాక "బిబ్‌లేటెక్" ను ఎంచుకోవడం మరవకండి.

తెలుగు అక్షరాలున్న లింకును యూఆర్ఎల్ ఆదేశంలో పెడితే గుణింతాలు విడిపోవడమో, అక్షరాలే మాయం కావడమో జరుగుతుంది. శాతం గుర్తుల రూపాన్నే ఫైలులో ఉంచండి, "ఎక్స్‌యూఆర్ఎల్" ప్యాకేజీ జోడిస్తే ఆ లింకు ఎక్కడ కావాలంటే అక్కడ విరిగి అంచు దాటకుండా ఉంటుంది. సంస్థ పేరును రెండు జతల మీసాల కుండలీకరణల్లో పెట్టకపోతే మీకూ డెస్క్ గారు దర్శనమిస్తారు.


పాలకుర్తి పరిశోధకురాలు

మూడు రోజుల పని పూర్తయింది. డెస్క్ గారి పదిహేడు వార్తలూ శీర్షికల కిందికి వెళ్లాయి. వాటిలో ఐదింటికి పుట అడుగున అసలు విలేఖరి పేరు ఉంది, నేను అప్పట్లో చూడనే లేదు, ఇప్పుడు చేర్చాను. వికీపీడియా లింకులన్నీ ఒక్కొక్క పంక్తికి వచ్చాయి. శైలి ఫైలులో ఒక చోట ముగింపు గుర్తు మరచిపోతే జొటేరో దాన్ని తీసుకోలేదు, సరిచేశాక తీసుకుంది. కొత్త ఉల్లేఖన చేర్చి, రిఫ్రెష్ కూడా నొక్కి చూశాను, దిద్దినవేవీ చెదరలేదు.

ఒక్క సందేహం మిగిలింది. శోధ్‌గంగలో (భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం) చూసిన సిద్ధాంత గ్రంథాలు పధ్నాలుగు ఉన్నాయి. ఒక్కొక్క అధ్యాయం వేరు వేరు పీడీఎఫ్‌గా ఉండటంతో జొటేరోలో అధ్యాయానికొక నమోదు, దానికొక లింకు చేరాయి. ఏది ఇవ్వాలి?


గ్రంథాలయ మేష్టారు

అధ్యాయాల లింకులు వద్దమ్మా. గ్రంథం మొదటి పుటలో, అంటే అధ్యాయాల జాబితా కనిపించే చోట, "హ్యాండిల్" అనే శాశ్వత చిరునామా ఉంటుంది, అందులో 10603 అన్న సంఖ్య, గీత, ఆ గ్రంథం సంఖ్య కనిపిస్తాయి. సర్వర్ చిరునామా మారినా ఆ హ్యాండిల్ సరైన చోటికే తీసుకుపోతుంది, యూఆర్ఎల్ గడిలో దాన్నే పెట్టండి. ఆధారం రకం "థీసిస్", విశ్వవిద్యాలయం గడిలో విశ్వవిద్యాలయం పేరు, "ఆర్కైవ్" గడిలో శోధ్‌గంగ అని రాయండి. తేదీ గడిలో అప్‌లోడ్ చేసిన తేదీ కాక, గ్రంథం సమర్పించిన సంవత్సరం ఉండాలి, అది ముఖపత్రం పీడీఎఫ్‌లో దొరుకుతుంది. అధ్యాయం సంఖ్యను, పుటను వ్యాసం లోపలి ఉల్లేఖనలో ఇవ్వండి. ఒక్కొక్క గ్రంథానికి ఒక నమోదు ఉంచి మిగతా అధ్యాయాల నమోదులను తొలగించే ముందు, వర్డ్‌లో ఇప్పటికే ఉల్లేఖించినవి ఏవో చూసుకుని, వాటిని ఆ గ్రంథం నమోదులోకి "మర్జ్ ఐటమ్స్" ద్వారా కలపండి. నేరుగా తొలగిస్తే వర్డ్‌లోని ఉల్లేఖనకు జొటేరోతో ఉన్న లంకె తెగిపోతుంది.


పాలకుర్తి పరిశోధకురాలు

మర్జ్ చేశాను, లంకెలు నిలిచాయి. పధ్నాలుగు గ్రంథాలకు ఇప్పుడు పధ్నాలుగే నమోదులు. సోమవారం పర్యవేక్షకుల దగ్గరికి తీసుకువెళుతున్నాను.